ఆ సొట్ట అలాగే ఉండనివ్వండి!

పాత కారు అంటే దొరల ముచ్చట. పాత పికప్ ట్రక్కు అంటే రైతు కథ. గడ్డి మోసి, సిమెంటు మోసి, దూడల్ని మోసి, చివరికి చెట్టుకింద తుప్పుపట్టిన బండిని కొనుక్కొచ్చి ఏళ్లతరబడి బాగుచేసుకోవడం అమెరికాలో ఎందరికో ఇష్టమైన హాబీ. చూడ్డానికి ఇనుముతో ఆట. దిగితే మాత్రం జేబుకీ ఓపికకీ పరీక్ష. అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఆఖర్న ఎదురవుతుంది... బండిని కొత్తగా చేయాలా, బతికించాలా?

అమెరికా పల్లెల్లో ఈ కథలు చాలావరకూ ఒకేలా మొదలవుతాయి. ఇంట్లో పెద్దాయన పోతాడు. పొలం ఏం చేయాలో మాట్లాడుకోవడానికి పిల్లలూ మనవలూ చేరతారు. గడ్డి దాచే కొట్టం తలుపు తీస్తే ఓ మూల దుమ్ములో పాత ట్రక్కు. టైర్లు నేలకు అంటుకుపోయాయి. సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. బోనెట్ మీద కోళ్లు. తుక్కువాడికి ఇచ్చేద్దామంటారు అందరూ. 'ఆగండి' అంటాడు ఒక మనవడు. చిన్నప్పుడు ఆ తొట్టిలో కూర్చునే తాతతో సంతకు వెళ్లేవాడు మరి. అంతే... ఆ ఒక్క మాటతో అతని శని, ఆదివారాలు పోయినట్టే. దాచుకున్న డబ్బులు కూడా!

తాత బండి లేనివాళ్లు వెతికి మరీ కొనుక్కుంటారు. పాత సామాన్ల సంతల్లో, వేలం పాటల్లో, తుక్కు యార్డుల్లో, ఊరి చివర చెట్లకింద. కొన్నాక ఇంటి గ్యారేజీలో దాన్ని నట్టు నట్టూ విప్పుతారు. మళ్లీ బిగిస్తారు. మధ్యలో రెండేళ్లు పట్టొచ్చు, పదేళ్లూ పట్టొచ్చు.

రైతుల ఆలోచన... ఫోర్డు బండి

పికప్ అంటే పెద్ద సంగతేం కాదు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే క్యాబిన్, వెనక కప్పు లేని తొట్టి. మన ఊళ్లలో పాల క్యాన్లూ కూరగాయలూ మోసే చిన్న ట్రాలీ ఆటోలకు పెదనాన్న లాంటిది.

దీన్ని మొదట తయారుచేసింది ఒకరకంగా రైతులే. హెన్రీ ఫోర్డు 'మోడల్ టి' కారు చవగ్గా దొరకడంతో పల్లెవాళ్లు కొని, వెనక భాగం తీసేసి చెక్కపెట్టె బిగించుకునేవారు. వారమంతా మొక్కజొన్న మోసిన బండే ఆదివారం చర్చికీ వెళ్లేది. ఈ గిరాకీ చూసి ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీలోనే ఇనుప తొట్టి బిగించిన మోడల్ టిని విడుదల చేసింది. ధర 281 డాలర్లు. తొట్టి పొడవు ఐదడుగులకన్నా తక్కువే. వెనక తలుపు కిందికి దించుకోవచ్చు. మొదటి ఏడాదే సుమారు 34 వేల బండ్లు తయారయ్యాయి. ఫ్యాక్టరీ పికప్‌కు 2025తో నూరేళ్లు నిండాయన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు జనం కోసం కార్ల తయారీ ఆపేశారు. ఫ్యాక్టరీలన్నీ యుద్ధ సామగ్రి వైపు మళ్లాయి. యుద్ధం ముగిసేసరికి పల్లెల్లో ఉన్న బండ్లన్నీ అరిగిపోయాయి. కొత్త బండి కోసం జనం ఎదురుచూస్తున్న ఆ సమయంలో, 1947 వేసవిలో షెవ్రొలె కొత్త ట్రక్కు తెచ్చింది. గుండ్రటి బోనెట్, మడ్‌గార్డుల్లో ఒదిగిన దీపాలు, ముందు ఐదు అడ్డ పట్టీల గ్రిల్. అరటన్ను రకం పేరు 3100. మరుసటి ఏడాది జనవరిలో ఫోర్డ్ తన 'ఎఫ్ 1'ని దించింది. నేటికీ సాగుతున్న ఎఫ్ సిరీస్‌కు అదే మొదటి మెట్టు. ఇప్పుడు పాత ట్రక్కుల మోజున్నవాళ్లలో చాలామంది వెతుక్కునేది ఈ రెండు వంశాల బండ్లనే. సినిమాల్లో, క్రిస్మస్ కార్డుల మీద చెట్టు మోసుకొస్తూ కనబడే ఎర్ర ట్రక్కు కూడా చాలాసార్లు ఈ కాలానిదే.

ఇవి సుఖం కోసం చేసినవి కావు. షెవ్రొలె 3100నే చూడండి. రేడియో, హీటరు కావాలంటే అదనంగా డబ్బు కట్టాలి. ఆరు సిలిండర్ల ఇంజిన్ శక్తి 90 హార్స్‌పవర్. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చిన్న కారుతో దాదాపు సమానం! 1949 నుంచి పెట్రోలు ట్యాంకును క్యాబిన్‌లో సీటు వెనకే పెట్టారు. బ్రేకు వేస్తే వీపు వెనక పెట్రోలు తొణికిన చప్పుడు వినబడుతుంది. సెల్ఫ్ కొట్టాలంటే తాళం తిప్పితే చాలదు, కాలితో ఓ మీట తొక్కాలి.

కారును ఇంటివాళ్లు దాచుకుంటారు. ట్రక్కును వాడిపారేస్తారు. దాని పుట్టుకే అందుకు. ఎండలో, వానలో, పేడలో తిరిగింది. పనికిరాకపోతే దాన్నుంచి ఊడదీసిన సామానుతో మరో బండి నడిచింది. అందుకే మిగిలినవి మిగలాల్సినన్ని మిగల్లేదు. మిగిలిన ప్రతిదాని ఒంటిమీదా దాని పని రాసుంటుంది.

కొనేముందు అయస్కాంతం

ఈ హాబీలో ఆరితేరినవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట... ఇంజిన్‌కు భయపడొద్దు, తుప్పుకు భయపడండి. ఇంజిన్ పాడైతే ఇంకోటి దొరుకుతుంది. రేకు తినేస్తే బండి లేదు.

తుప్పు ఎక్కడ పడుతుందో వీళ్లకు కంఠతా వచ్చు. క్యాబిన్ వెనక కింది మూలలు, తలుపుల అడుగుభాగం, కాళ్లు పెట్టుకునే నేల రేకు, ఫుట్‌బోర్డులు. నీరూ మట్టీ చేరి ఆరకుండా ఉండిపోయే చోట్లన్నమాట. అయితే అమ్మేవాడూ తెలివైనవాడే. కన్నాల మీద లప్పం పెట్టి, తళతళలాడే రంగు కొట్టి మేడిపండులా నిలబెడతాడు. అందుకే చూడ్డానికి వెళ్లేవాళ్లు జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్తారు. పలచటి గుడ్డ చుట్టి రేకుమీద జరుపుతూ పోతే, ఉక్కు ఉన్నచోట పట్టుకుంటుంది. లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. అక్కడ బేరం ఆగిపోతుంది.

అందుకే పూర్తిగా రంగు వెలిసిపోయి, ఏ మేకప్పూ లేని బండే మేలంటారు అనుభవజ్ఞులు. కనీసం అది అబద్ధం చెప్పదు. అరిజోనా, న్యూమెక్సికో లాంటి ఎండ ప్రాంతాల బండ్లకు గిరాకీ ఎక్కువ. అక్కడ సీట్లు ఎండకు చిట్లిపోతాయి కానీ రేకు గట్టిగా ఉంటుంది. మంచు పడే రాష్ట్రాల్లో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు బండిని కిందినుంచి తినేస్తుంది.

రెండోది కాగితాలు. అప్పట్లో కొన్ని రాష్ట్రాల్లో బండిని ఇంజిన్ నంబరు మీద రిజిస్టరు చేసేవారు. డెబ్భై ఏళ్లలో ఇంజిన్ ఎన్నిసార్లు మారిందో! తలుపు చట్రం మీది నంబరు ఒకటి, కాగితంలోది ఒకటి, ఇంజిన్ మీది మరొకటి అయితే బండి ఇంటికొస్తుంది కానీ పేరుమీదికి రాదు. దాన్ని సరిచేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగడంతోనే ఏడాది గడిచిపోతుంది.

మూడోది పోయిన సామాను. దీపం చుట్టూ ఉండే రింగు, డాష్‌బోర్డు మీటర్లు, తలుపు పిడి... చిన్నవే కదా అనుకుంటారు. ఏనుగును కొన్నవాడు అంకుశం కోసం ఊళ్లు తిరిగినట్టు ఉంటుంది తర్వాత. షెవ్రొలె, ఫోర్డ్ కొనేవాళ్లు ఎక్కువ కావడానికి కారణం అదే. వాటి విడిభాగాలు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. రబ్బరు పట్టీ నుంచి మడ్‌గార్డు దాకా కేటలాగు చూసి తెప్పించుకోవచ్చు. 1947 నాటి షెవ్రొలె ట్రక్కుకు మొత్తం క్యాబినే కొత్త ఉక్కుతో చేసి అమ్ముతున్నారు. అదే ఎవరూ పట్టించుకోని చిన్న కంపెనీ బండి కొంటే ప్రతి ముక్కా సొంతంగా చేయించుకోవాల్సిందే.

విప్పడం ఒక రోజు... బిగించడం ఐదేళ్లు

బండి ఇంటికి రాగానే అందరి చేతులూ దురదపెడతాయి. ఎలాగైనా స్టార్టు చేసి చూడాలని! అక్కడే చాలామంది దెబ్బతింటారు. ముప్ఫై ఏళ్లు నిద్రపోయిన ఇంజిన్‌లో పిస్టన్లు గోడలకు పట్టేసి ఉంటాయి. బలవంతంగా తిప్పితే విరుగుతాయి. తెలిసినవాళ్లు ప్లగ్గులు తీసి సిలిండర్లలోకి నూనె పోస్తారు. రోజుల తరబడి వదిలేస్తారు. తర్వాత చేత్తో అటూ ఇటూ నెమ్మదిగా కదుపుతారు. పాత పెట్రోలు ట్యాంకులో జిగురులా మారి ఉంటుంది. దాన్ని కడగనిదే ఇంజిన్‌కు చుక్క కూడా అందనివ్వరు.

ఆ కాలపు షెవ్రొలె ఇంజిన్‌లో ఓ చిత్రం ఉంది. నేటి ఇంజిన్లలా నూనెను గట్టి ఒత్తిడితో ప్రతి కీలుకీ పంపే ఏర్పాటు అందులో లేదు. పిస్టన్ కడ్డీల అడుగున చిన్న గరిటెల్లాంటివి ఉంటాయి. తిరిగినప్పుడల్లా కింది పళ్లెంలోని నూనెను అవే తోడుకుంటాయి. నెమ్మదిగా నడిపేవాడికి అది ఏళ్లతరబడి చాకిరీ చేస్తుంది. హైవే ఎక్కి తొక్కిపట్టేవాడికి మొరాయిస్తుంది. అరిగిన బేరింగుల్లో మెత్తటి లోహాన్ని కరిగించి పోయాలి. ఆ పని తెలిసిన చేతులు ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. అందుకే ట్రక్కు బాగుచేయడమంటే వస్తువును కాపాడటమే కాదు, దాన్ని బాగుచేసే విద్యనూ కాపాడటం. వృద్ధ మెకానిక్కు పక్కన నిలబడి నేర్చుకున్న కుర్రాడు ఒకడుంటే ఆ ఇంజిన్లు ఇంకో తరం నడుస్తాయి.

విప్పడం సులువు. ఒక ఆదివారం చాలు. ఏ నట్టు ఎక్కడిదో గుర్తుండటమే కష్టం. 'ఇది మర్చిపోతానా' అనుకున్నదే ఆర్నెల్లకు అంతుపట్టదు. అందుకే విప్పేముందు ప్రతిదాన్నీ ఫొటో తీస్తారు. నట్లూ బోల్టులూ చిన్న సంచుల్లో వేసి పేర్లు రాస్తారు. పిల్లలకు అప్పగించే మొదటి పని ఇదే. బండి చరిత్రంతా నేర్చేసుకుంటారు వాళ్లు.

తుప్పు వదిలించడానికి ఇంట్లోనే చేసుకునే ఉపాయం ఒకటుంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి బట్టల సోడా కలుపుతారు. తుప్పుపట్టిన ముక్కను బ్యాటరీ చార్జర్ రుణధ్రువానికి, మరో పాత ఇనుప ముక్కను ధనధ్రువానికి కలిపి రెండూ తగలకుండా ముంచుతారు. మర్నాటికి తుప్పు వదులై, బ్రష్షుతో రుద్దితే రాలిపోతుంది. ఇంటర్ కుర్రాడు చదివే ఎలక్ట్రాలిసిస్ పాఠమే ఇది! అయితే హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క మాత్రం వాడకూడదు, నీళ్లలోకి విషం దిగుతుంది.

జాగ్రత్తలు ఇంకా ఉన్నాయి. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్. ముక్కుకు సరైన మాస్కు లేకుండా గీకితే బండి బాగుపడుతుంది కానీ మనిషి పాడవుతాడు. అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది బ్రేకులు. ఆ కాలపు బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే గొట్టం వరస. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. సీటు బెల్టులు లేవు. స్టీరింగు కడ్డీ తిన్నగా గుండెకు ఎదురుగా ఉంటుంది. అందుకే 'ముందు ఆగడం, తర్వాత నడవడం, చివర్న మెరవడం' అనేదే సరైన వరస. కొత్తవాళ్లు దీన్ని తిరగేస్తారు. ముందు రంగు కొట్టించి, తర్వాత బ్రేకులు విప్పి, కొత్త రంగు మీదే గీతలు పెట్టుకుంటారు.

ఇంకో తమాషా. ఈ బండ్లలో బ్యాటరీ ఆరు వోల్టులదే. ఓల్టేజీ తక్కువైతే కరెంటు ఎక్కువ ప్రవహించాలి. దానికి లావాటి తీగ కావాలి. ఈ సంగతి తెలియక నేటి కార్ల సన్నతీగ వేసి 'సెల్ఫ్ మూలుగుతోంది' అని ఇంజిన్‌ను తిట్టేవాళ్లు ఎందరో. తీగ మారిస్తే చాలు, ముసలి ఇంజిన్ మూలుగు మానేస్తుంది.

ఇల్లు కట్టి చూడు... ట్రక్కు కొని చూడు

లెక్క సంగతి చూద్దాం. బండి ధర కన్నా రంగు ఖర్చే ఎక్కువ కావడం ఈ హాబీలో మామూలే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెతకు మూడోది చేర్చాలంటే ఇదే. పెట్టిన డబ్బు తిరిగొస్తుందనుకుని దిగేవాళ్లు మొదటి ఏడాదిలోనే నిరాశపడతారు. పనివాళ్లతో మొత్తం చేయిస్తే అమ్మితే వచ్చేది ఖర్చులో కొంత మాత్రమే. సొంత చేతులతో చేసుకుంటే మిగిలేది అనుభవం, అలవాటు, సాయంత్రాలు.

అందుకే అమ్మకాల ప్రకటనల్లో ఎక్కడ చూసినా సగంలో ఆగిన బండ్లే. 'విప్పి ఉంది, సామాన్లన్నీ డబ్బాల్లో ఉన్నాయి' అని రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం వెనక ఎన్ని కారణాలో... ఉద్యోగం పోయింది, పిల్లాడు పుట్టాడు, మోకాళ్లు సహకరించడం లేదు. కొన్నిసార్లు గ్యారేజీ తలుపు మూసుకున్న మనిషి ఇంట్లోవాళ్లకు దూరమైపోతాడు. సాగిన బండ్ల వెనక ఎక్కువగా కనబడేది మరో దృశ్యం. భార్య సీటు కవర్లు కుడుతుంటుంది. కొడుకు నట్లు తోముతుంటాడు. కూతురు వైరింగ్ పటం పట్టుకుని తీగల రంగులు చదువుతుంటుంది. ఒక్కడి పిచ్చి అయితే బండి డబ్బాల్లో ఆగిపోతుంది. ఇంటిల్లిపాది పిచ్చి అయితే రోడ్డెక్కుతుంది.

పని చేయని ట్రక్కుకు లక్షా నలభై వేలు!

2013 సెప్టెంబరులో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పియర్స్ అనే చిన్న ఊరికి జనం విరగబడ్డారు. అక్కడ ఒక షెవ్రొలె డీలరు యాభై ఏళ్లు వ్యాపారం చేసి 1996లో దుకాణం మూశాడు. పాత బండి ఇచ్చి కొత్తది కొనుక్కెళ్లినవాళ్ల బండ్లు, అమ్ముడుపోని కొత్త బండ్లు... దాదాపు 500 అలాగే ఉండిపోయాయి. కొన్ని చెట్ల మధ్య మునిగిపోయాయి. వాటన్నిటినీ వేలం వేశారు. అందరి కళ్లూ ఒకదాని మీదే. 1958 నాటి షెవ్రొలె క్యామియో పికప్. మీటరు మీద ఎన్ని మైళ్లు? ఒకటీ పాయింటు మూడు! ఎవరూ కొనలేదు, ఎవరూ నడపలేదు. అది లక్షా నలభై వేల డాలర్లకు పోయింది.

ఒక్క బస్తా కూడా మోయని ట్రక్కుకు అంత ధర. ఇరవై ఏళ్లు మోసిన ట్రక్కుకు అందులో ఎన్నో వంతు? సేకరణకారుల లెక్క అది. పోయిన కాలం చెక్కుచెదరకుండా దొరికితే వాళ్లకు పండగ. దాన్ని తప్పుపట్టలేం. 1958లో ఆ ఫ్యాక్టరీ బండిని ఎలా బయటికి పంపిందో చెప్పే సాక్ష్యం అది.

ఆ లెక్కను మిగతా బండ్లకూ అంటగట్టడంతోనే వస్తుంది చిక్కు. పని చేసిన ట్రక్కును కూడా పని చేయనిదానిలా కనబడేట్టు చేయాలని తపన మొదలవుతుంది. తొట్టిలోని చెక్క పలకలు ఒకప్పుడు రాళ్లూ ఎరువూ మోయడానికి వేసినవి. ఇప్పుడు వాటికి డ్రాయింగు రూము బల్లలా వార్నిష్ కొడతారు. మధ్యలో స్టీలు పట్టీలు మెరుస్తుంటాయి. అక్కడ గడ్డిమోపు వేస్తే యజమాని గుండె ఆగిపోతుంది! ఫ్యాక్టరీ నుంచి వచ్చినరోజు కూడా ఆ బండి అంత మెరిసి ఉండదు.

ఔత్సాహికుల్లో ఇక్కడే మూడు దారులున్నాయి. ఒకరు ప్రతి నట్టూ ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉండాలంటారు. రెండోవారు పై రేకు పాతది ఉంచి లోపల కొత్త ఇంజిన్, ఏసీ, పవర్ స్టీరింగ్ పెడతారు. రోజూ నడపాలంటే అదే హాయి అంటారు. మూడోవారు తుప్పు ఆపి, బ్రేకులూ ఇంజినూ బాగుచేసి, పైన వెలిసిన రంగును మాత్రం ముట్టుకోరు.

మూడోవారి వాదనలో ఒక సంగతి గట్టిగా తగులుతుంది. పాత ట్రక్కుల తలుపుల మీద తరచూ అక్షరాల నీడలు కనబడతాయి. ఏదో ఊరి దాణా దుకాణం పేరు, పాల కేంద్రం పేరు, నాలుగంకెల ఫోను నంబరు. మీద వేసిన రంగు వెలిసేకొద్దీ అడుగున ఉన్న ఆ రాత బయటికొస్తుంది. ఆ దుకాణం ఇప్పుడు లేదు. ఆ ఊరూ చిక్కిపోయి ఉండొచ్చు. అదొక్కటే గుర్తు. ఇసుకతో కొట్టి రేకును తెల్లగా చేస్తే పది నిమిషాల్లో పోతుంది. పోయాక ఎంత డబ్బు పోసినా రాదు. రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు, వెలిసిన రంగును మాత్రం ఎవరూ వేయలేరు.

పిల్లలకు ఇది పెద్దవాళ్లకన్నా బాగా అర్థమవుతుంది. 2006లో వచ్చిన పిక్సర్ యానిమేషన్ సినిమా 'కార్స్'లో పళ్లూడిన తుప్పు ట్రక్కు మేటర్ గుర్తుంది కదా! ఆ పాత్రకు ప్రేరణ కాన్సస్ రాష్ట్రంలోని గలీనా అనే ఊళ్లో కనబడిన 1951 నాటి ఇంటర్నేషనల్ కంపెనీ ట్రక్కు. 2011లో వచ్చిన రెండో భాగంలో మేటర్ ఒంటిమీది సొట్టలు తీసేస్తామంటే ఒప్పుకోదు. ఒక్కో సొట్టా స్నేహితుడితో తిరిగినప్పుడు పడింది, అవి తనకు విలువైనవి అంటుంది. నవ్వులాటగా చెప్పినా, హాబీ మొత్తం తలకిందులయ్యే ప్రశ్న అది.

అన్ని సొట్టలూ ఉంచాలని కాదు. చట్రం వంగితే సరిచేయాల్సిందే. నేల రేకుకు కన్నం ఉంటే కాలు జారుతుంది, వెల్డింగ్ చేయాల్సిందే. బండి ప్రాణానికి అడ్డమొచ్చేది తీయాలి. బండి కథ చెప్పేది ఉంచాలి. రెంటికీ తేడా తెలుసుకోవడమే ఈ విద్యలో అసలు పనితనం. దానికి పానా సరిపోదు, తాతను ఎరిగినవాళ్లను కూర్చోబెట్టి అడగాలి. 'ఈ మడ్‌గార్డు ఎలా నొక్కుకుపోయింది?' అంటే, ఫలానా వానాకాలం ఎద్దు ఢీకొట్టిందనో, కొడుక్కి డ్రైవింగ్ నేర్పుతుంటే గేటుకు తగిలించాడనో తెలుస్తుంది. తెలిశాక సుత్తి ఎత్తడానికి చెయ్యి రాదు.

మన దగ్గర...

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అద్దాల వెనక పసుపురంగు రోల్స్‌రాయిస్‌ను చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కోరి చేయించుకున్న 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. వెనక సింహాసనంలాంటి సీటు. నిండా నాలుగు వందల మైళ్లయినా తిరగలేదంటారు. దాన్ని బాగుచేసి అలా నిలబెట్టడం న్యాయమే. మెరవడమే దాని పని కాబట్టి.

మన దగ్గర చాకిరీ చేసిన బండి అంటే జీపే. 1940ల చివర్లో మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. తర్వాతి దశాబ్దాల్లో అవి తిరగని ప్రభుత్వ శాఖ లేదు. సర్వేలకు, ఎన్నికలకు, ఏజెన్సీ ఊళ్లకు... ముందు ఇద్దరి చోట నలుగురు, వెనక లెక్కలేనంతమంది. ప్రభుత్వ వేలంలో కొన్న పాత జీపును బాగుచేసుకునేవాళ్లు మన పట్టణాల్లోనూ ఉన్నారు. ప్రీమియర్ కంపెనీ బొంబాయిలో బిగించిన డాడ్జ్, ఫార్గో లారీలు మాత్రం చాలావరకు తుక్కులోకే పోయాయి.

చట్టం కూడా ఒక అడుగు వేసింది. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. మళ్లీ చేయించుకోవడానికి 5 వేలు. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని ఉంటుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు నడపొచ్చు. రోజువారీ తిరగడానికి కుదరదు. ఇంకో మెలిక... ఇది సొంత అవసరాలకు వాడిన వాహనాలకే. సరుకు రవాణా బండిగా రిజిస్టరైన దానికి ఆ గౌరవం దక్కదు. దొర కారుకు పీట వేసి, కూలి బండిని గుమ్మం బయటే నిలబెట్టినట్టయింది!

అందుకే మన ఇళ్ల వెనక ఏదైనా పాత జీపో, వ్యానో, ట్రాక్టరో నిలబడి ఉంటే తుక్కువాడికి ఫోన్ చేసేముందు ఓ పూట ఆగితే మంచిది. బాగుచేయించే స్తోమత లేకపోయినా పర్వాలేదు. నేలమీంచి లేపి ఇటుకల మీద నిలపడం, కాగితాలు భద్రం చేయడం, మీద రేకు కప్పు వేయడం, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే కథ రాసిపెట్టడం... వీటికి పెద్దగా ఖర్చు లేదు. తర్వాతి తరంలో 'ఆగండి' అనే మనవడు ఒకడు పుడితే, వాడికి చేయడానికి పని మిగిలుంటుంది.

అమెరికా కొట్టంలో దొరికిన ఆ ట్రక్కు ఏదో ఒకరోజు బయటికొస్తుంది. కాలితో మీట తొక్కగానే రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంటుంది. ఇంటివాళ్లంతా చప్పట్లు కొడతారు. ఫొటోలు తీసుకుంటారు. ప్రదర్శనలో కప్పు కూడా రావచ్చు. బండి నిజంగా బాగైందా లేదా అన్నది మాత్రం అక్కడ తేలదు. మర్నాడు ఎవరో ధైర్యం చేసి ఆ తొట్టిలో మొదటి బస్తా దించుతారే... దబ్ అని ఆ చప్పుడు విని, యజమాని గుండె పట్టుకోకుండా నవ్వగలిగితే, అదిగో అప్పుడు బాగైనట్టు!